సూది ఆగిన కార్డు

"ఆ కార్డుకి ఫ్రేము కట్టించు," అన్నారు ఆయన.

"కట్టిస్తాలెండి. ముందు ఈ టీ ఒక్క గుక్క తాగండి," అన్నాను నేను.

తాగలేదు. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. యాభై ఏళ్ళు దాటిన కాపురం. పోయే ముందు మనిషి ఏదో పెద్ద మాట చెబుతాడనుకుంటాం. మా ఆయన ఒక అట్టముక్క గురించి చెప్పి పోయారు.

ఇది రాస్తున్న పిల్ల మా ఆడపడుచు మనవరాలు. షెఫీల్డులో మాస్టర్స్ చదవడానికి వచ్చి మా పైగదిలో ఉంటోంది. ఆ రోజు ఆసుపత్రి వార్డులో మంచం పక్కనే ఉంది, ఆ మాట తనూ విన్నది. మొన్న శనివారం టౌనుకి వెళ్ళి నల్ల అంచు ఫ్రేము కొనుక్కొచ్చింది. "తాతయ్య చెప్పారుగా అమ్మమ్మా, ఇవాళే పెట్టేద్దాం," అని టేబుల్ మీద పెట్టింది.

నేను బిస్కెట్ డబ్బాలోంచి కార్డు తీశాను. జానెడుకి తక్కువ పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు. మీగడ రంగు. ఒక మూల కత్తిరించి ఉంటుంది. ఒంటినిండా సన్నటి చిల్లులు. ఎప్పుడో గుప్పిట్లో నలిపినందువల్ల ముడతలు, ఎంత సాపు చేసినా పోలేదు.

"ఇది డేటా అమ్మమ్మా! నేను చదువుతున్నది దీని గురించే," అంది పిల్ల.

"అయితే చదువు, ఇందులో ఏముందో."

అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఫోను పెట్టి ఫొటో తీసింది. "రావట్లేదు," అంది.

"నాకు వస్తుంది," అన్నాను.

నాకు వచ్చిన చదువు అదొక్కటే. తెలుగు కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు చదవడం అసలే రాదు, కరెంటు బిల్లు కూడా ఆయనే చదివేవారు. ఈ చిల్లులు మాత్రం చదువుతాను. అందుకే పిల్లతో అన్నాను, "ఆగు. కార్డు ఫ్రేములోకి వెళ్ళేముందు దాని వెనకాల ఒక కాగితం ఉండాలి. నేను చెబుతాను, నువ్వు రాయి."

"ఏం రాయాలి?"

"మీ తాతయ్యకి చెప్పనిది."

నేను ఈ దేశం వచ్చేసరికి నాకు పదమూడేళ్ళు. మా అయ్య ఓడలో బొగ్గు వేసే మనిషి. ఒక ప్రయాణంలో ఇక్కడే దిగిపోయి ఉక్కు కొలిమిలో పనికి చేరాడు. ఊళ్ళో అమ్మ పోయాక నన్ను చూసేవాళ్ళు లేక ఇక్కడికి రప్పించుకున్నాడు. మా ఊళ్ళో నేను రెండో తరగతి దాటలేదు. ఇక్కడి బడిలో రెండేళ్ళు వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. ఏం చెబుతున్నారో తెలిసేది కాదు, అడగడానికి మాట వచ్చేది కాదు. అంకెలు మాత్రం పట్టుబడ్డాయి. బస్సు ఎక్కాలంటే నంబరు తెలియాలి కదా. పదిహేను నిండితే బడి మానెయ్యొచ్చు ఆ రోజుల్లో. నిండిన రోజే మానేశాను.

ఒక ఇంట్లో అటక మీద గది మాది. కింద ఇంటావిడ, పైన మేము. కిటికీ తెరిస్తే మసి, మూస్తే చెమ్మ. ఓడల మీద పనిచేసే మావాళ్ళు ఎప్పుడైనా ఎండు నెత్తళ్ళు పంపేవాళ్ళు. అవి వేయించిన రోజు ఆ వాసనకి ఇంటావిడ కిందనుంచి చీపురు కర్రతో పైకప్పు మీద పొడిచేది. మా అయ్య నవ్వి కాలితో నేలమీద తిరిగి తట్టేవాడు. "ఆకలేసినట్టుంది, రమ్మను," అనేవాడు.

చింతపండు దొరికేది కాదు. పులుపు లేని కూర అయ్యకి గొంతు దిగేది కాదు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది, అక్కడ చెబుతాను.

ఇంటావిడ ఒక ఆఫీసులో తుడిచే పని చేసేది. మా మీద ఎంత విసుక్కున్నా మంచిదే, నన్ను అక్కడ టీ బండి తోయడానికి పెట్టించింది. ఏ ఆఫీసో చెప్పను. ఇప్పుడు ఆ భవనం లేదు, స్టూడెంట్లకి ఫ్లాట్లు కట్టారు. ఈ పిల్ల రోజూ బస్సులో దాని ముందునుంచే వెళుతుంది.

రెండో అంతస్తులో తలుపు తోస్తే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. వేడెక్కిన నూనె వాసన, ఎండలో పెట్టిన అట్టల వాసన. ఒక గదిలో ఇరవై మంది ఆడపిల్లలు మీటలు నొక్కుతూ కార్డులకి చిల్లులు పెట్టేవాళ్ళు. ఒక పిల్ల పెట్టిన చిల్లుల్ని ఇంకో పిల్ల అదే కాగితం చూసి మళ్ళీ నొక్కేది. ఇద్దరికీ కుదరకపోతే ఎర్రదీపం వెలిగేది. పక్క గదిలో పెద్ద మెషీన్లు. ఒకటి కార్డుల్ని లెక్కపెట్టి కాగితం మీద అచ్చేసేది. ఇంకొకటి ఏరేది. పొడుగ్గా ఉండేది, ముందు వరసగా గూళ్ళు. పైన కార్డుల కట్ట పెడితే చాలు, ఒక్కొక్కటీ పరిగెత్తుకుంటూ వెళ్ళి తన చిల్లు ఎక్కడుందో ఆ గూట్లో పడేది. ఒకటో చిల్లుది ఒకటో గూట్లో, రెండోదానిది రెండో గూట్లో. టీ చల్లారిపోతున్నా అది చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఆ గదికి పెద్ద ఒకావిడ. నడివయసు, బూడిదరంగు ఊలు కార్డిగను. ఆ కార్డిగను మీద ఎప్పుడూ ఒక పొడుగాటి ఉక్కు సూది గుచ్చుకుని ఉండేది, స్వెట్టరు అల్లే పుల్లంత. గూట్లోంచి కట్ట తీసి, బల్లకి తట్టి అంచులు సమం చేసి, చిల్లులోంచి ఆ సూది దూర్చేది. కట్టలో అన్నీ ఒక రకమే అయితే సూది ఇటు దూరి అటు వచ్చేస్తుంది. మధ్యలో ఒక్క తప్పు కార్డు ఉన్నా ఆగిపోతుంది. నేను మనసులో ఆవిడకి సూదావిడ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడేది, నాకు గుర్తున్నంత మన మాటల్లో చెబుతున్నాను. ఒక్క 'లవ్' మాత్రం అలాగే ఉంచాను, ఈ ఊళ్ళో 'అమ్మాయ్' అన్నట్టు అలా పిలుస్తారు.

ఒకరోజు ఒక పిల్ల చేతిలోంచి ట్రే జారి నేలంతా కార్డులయ్యాయి. ఆ పిల్ల ఏడుపు. నేను బండి వదిలేసి కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. కత్తిరించిన మూలలన్నీ ఒకవైపు పెట్టి, చిల్లుకి చిల్లు జతచేస్తూ. తలెత్తేసరికి ఎదురుగా సూదావిడ బూట్లు.

"ఎవరు నేర్పారు నీకిది, లవ్?"

"ఎవరూ నేర్పలేదు."

"ఇందులో ఏముందో చెప్పగలవా?"

చెప్పాను. ఏడు, మూడు, సున్నా, ఎనిమిది. ఆవిడ కార్డు వెలుతురుకి పెట్టి చూసింది. మరుసటి వారం టీ బండి ఇంకొకళ్ళకి వెళ్ళింది, నేను ఏరే మెషీను దగ్గరికి వచ్చాను.

నాకు చదువు రాదని ఆవిడకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఏదైనా రాసిన కాగితం వస్తే గట్టిగా చదువుతున్నట్టు తనే చదివి వినిపించేది. ఆవిడ నేర్పినవి ఇంకా చేతుల్లో ఉన్నాయి. కార్డుల్ని విసనకర్రలా విదల్చాలి, లేకపోతే అంటుకుంటాయి. వానరోజున అట్ట ఉబ్బి మెషీనులో ఇరుక్కుంటుంది, అప్పుడు కొంచెం కొంచెం పెట్టాలి. అంకెల వరసలో పెట్టాలంటే చివరి అంకె నుంచి మొదలుపెట్టి ముందుకి రావాలి. ఈ పిల్ల కంప్యూటరు కూడా ఒక పద్ధతిలో అలాగే చేస్తుందట.

అల్లరీ చేశాను. చిల్లుల్లోంచి రాలిన చిన్న చిన్న అట్టముక్కలు సంచుల్లో నిండేవి. గులాబీ, పచ్చ, మీగడ రంగులు. ఒక శనివారం ఒక సంచి ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే ఇంటావిడ గుమ్మంలో ఆ ముక్కలతో పెద్ద ముగ్గు పెట్టాను. ఎంత బాగా వచ్చిందో! ఇంతలో గాలి లేచింది. వీధి వీధంతా రంగులు. చర్చికి బయల్దేరిన వాళ్ళ టోపీల మీద పడ్డాయి. ఇంటావిడ చీపురు నా చేతికిచ్చి వీధి చివరిదాకా తుడిపించింది. ఇక్కడ పెళ్ళిళ్ళకి రంగు కాగితం ముక్కలు చల్లుతారు. "పెళ్ళెవరిదమ్మా?" అని పోతూ పోతూ ఒకాయన అడిగాడు.

పులుపు సంగతి చెబుతానన్నాను కదా. సూదావిడకి ఊరి చివర చిన్న తోట ఉండేది. ఒకరోజు కాగితంలో చుట్టి ఎర్రటి కాడలు తెచ్చింది, రూబార్బ్. కొరికి చూస్తే అచ్చం గోంగూర పులుపు! ఇంటికెళ్ళి ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరాను. అయ్య ముద్ద నోట్లో పెట్టుకుని పచ్చడి గిన్నె తన వైపు లాక్కున్నాడు. తర్వాత, "ఎక్కడిదే గుంటా ఇది? మనూరు గాని వచ్చీసిందేటి?" అన్నాడు. ఒక సీసాలో సూదావిడకీ ఇచ్చాను. చీజు ముక్క మీద పూసుకుని తిని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "ఇంకా ఉందా?" అంది.

ఆ చలికాలమే ఊళ్ళో ఛాతీ ఫొటోలు తీసే వ్యాన్లు తిరిగాయి. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర ఆపేవాళ్ళు. మనిషి లోపలికి వెళ్ళి ఊపిరి బిగబట్టి నిలబడితే ఫొటో తీస్తారు. క్షయ ఉందేమో చూడడానికి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు. ఆ కార్డులన్నీ మా గదికే వచ్చేవి. ముందు వరసల్లో ఫ్యాక్టరీ నంబరు, మనిషి నంబరు. చిట్టచివర ఒక చిల్లు. ఒకటి దగ్గరుంటే ఏమీ లేదని. రెండు దగ్గరుంటే మళ్ళీ రమ్మని.

అయ్యకి అప్పటికే దగ్గు. కొలిమి పొగ అనేవాడు. వ్యాను దగ్గరికి వెళ్ళనన్నాడు.

"నానెల్లను. అందులో ఏటన్నా కనబడిందనుకో, ఓడెక్కించి పంపీసేత్తారు. మనోడొకడు సెప్పినాడు."

"అందరూ వెళ్తున్నారు అయ్యా. ఆ కార్డులు నా చేతిమీదుగానే వెళ్తాయి," అన్నాను. గొప్పకి అన్నాను. మెషీను దగ్గర నిలబడే పిల్లనని గొప్ప.

అయ్య నా మొహం చూశాడు. "నీ సేతికే వత్తాదా? అయితే ఎల్తాను. నువ్వు సూసుకుంటావు గదా," అన్నాడు. ఆ మాటకి అర్థం నాకప్పుడే తెలుసు. తెలియనట్టు తల ఊపాను.

అయ్య ఫ్యాక్టరీ కార్డులు వచ్చిన రోజు వాన. మెషీనులో కొంచెం కొంచెం పెట్టి ఏరాను. ఒకటో గూట్లో కట్టలు కట్టలు. రెండో గూట్లో పల్చగా, వేలి మందం. పదకొండింటి టీకి అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. రెండో గూటి కార్డులు తీసి ఒక్కొక్కటే చూశాను. అయ్య నంబరు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు, మెడలో ఇత్తడి బిళ్ళ మీద ఉండేది. ఆ నాలుగు చిల్లులూ కనబడ్డాయి. మళ్ళీ చూశాను. వెలుతురుకి పెట్టి చూశాను.

ఒకటో గూటి కట్టలకి అప్పటికే నేనే సూది దూర్చి ఉంచాను. నెలరోజులుగా ఆ పని ఆవిడ నాకే వదిలేసింది, తన సూదితో సహా. సరిచూసిన కట్టని ఇంకెవరూ చూడరనుకున్నాను. ఒక కట్ట మధ్యకి విడదీసి, అయ్య కార్డు అందులో దోపి, అంచులు సమం చేసి పెట్టేశాను. ఎంతసేపు పట్టిందని, ఒక తుమ్ము అంత.

టీ నుంచి సూదావిడ వచ్చింది. కప్పు పక్కన పెట్టింది. నా బల్ల మీది సూది తీసుకుంది, వరసగా నా కట్టలన్నిటికీ దూర్చడం మొదలుపెట్టింది.

"అవి అయిపోయాయి. నేను చూశాను," అన్నాను.

"తెలుసు, లవ్. రోజూ నువ్వు ఇంటికెళ్ళాక నేను మళ్ళీ చూస్తాను. ఇవాళ తొందరగా వెళ్ళాలి, అందుకని ఇప్పుడే. నమ్మకం లేక కాదు. ఎవరు చూసింది వాళ్ళే సరిచూసుకోకూడదు, పద్ధతి."

నాలుగో కట్టలో సూది ఆగింది.

ఆవిడ కట్ట విడదీసి కార్డు బయటికి లాగింది. వెలుతురుకి పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఆ కార్డు లాక్కుని గుప్పిట్లో నలిపేశాను. ఈ ముడతలు అవే.

"ఎవరిది?" అంది.

"మా అయ్యది."

అరవలేదు. కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టింది, తన కప్పులో మిగిలిన టీ ఇచ్చింది.

"రెండంటే చచ్చిపోతాడని కాదు. మళ్ళీ చూస్తామని. మన పక్కగదిలో సరిచూసే రెండో పిల్ల లేదూ, అలాగ."

"పంపించేస్తారా ఆయన్ని?"

"నాకు తెలియదు లవ్. తెలియనిది తెలుసని చెప్పను." నా గుప్పిట వైపు చూసి అంది, "నువ్వు ఒకటో గూట్లో పెట్టినంత మాత్రాన ఆయన ఛాతీ ఒకటో గూట్లోకి వెళ్ళదు."

నలిగిన కార్డుని మెషీను తీసుకోదు. ఆవిడ నా గుప్పిట విప్పి, దాన్ని పక్కగదికి తీసుకెళ్ళింది. ఒక పిల్లతో కొత్తది చిల్లులు పెట్టించింది, ఇంకో పిల్లతో సరిచూపించింది. కొత్తదాన్ని రెండో కట్టలో తన చేత్తోనే పెట్టింది. పాతది తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇది ఇక దేనికీ పనికిరాదు. ఉంచుకో," అంది. ఆ సంగతి మళ్ళీ ఏనాడూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున సూది నా బల్ల మీదే ఉంది.

ఉత్తరం వచ్చింది. చదివే దిక్కు లేక కింద ఇంటావిడ చేత చదివించాం. అయ్య గదిలోకొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వు సూడనేదేటి?"

"చూశాను."

"సూసి ఒగ్గీసినావా?"

వదిలెయ్యలేదు, దాచాను, దొరికిపోయాను. ఆ మాట చెప్పి ఉంటే అయ్య కోపం ఆవిడ మీదికి పోయేది. నా మీదే ఉండనిచ్చాను. అప్పుడది మంచితనమే అనుకున్నాను.

మళ్ళీ చూసి క్షయేనన్నారు, కొండమీద ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చల్లగాలే ఆ జబ్బుకి మందని, ఎముకలు కొరికే చలిలో కిటికీలన్నీ తెరిచి ఉంచేవాళ్ళు. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి, రూబార్బ్ పులుసూ అన్నమూ డబ్బాలో పట్టుకెళ్ళేదాన్ని. అయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్ళు పెట్టిన ఉప్పులేని బంగాళదుంప తినేవాడు గాని, నా డబ్బా మూత తీసేవాడు కాదు. తొమ్మిది ఆదివారాలు. తిరుగు బస్సులో ఆ చల్లారిన పులుసు నేనే తినేదాన్ని.

పదో ఆదివారం వెళ్ళేసరికి లేచి కూర్చుని ఉన్నాడు. వ్యాను దగ్గరికి వెళ్ళనన్న కొలిమి మనిషి ఒకడిని ఆ వారమే తెచ్చారట. పక్క మంచమే. రెండు రోజులే బతికాడు.

"ఇటియ్యి ఆ డబ్బా," అన్నాడు అయ్య. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నా నోటికి అందించాడు. "నువ్వు దాసీసుంటే నాను సచ్చిపోదును గుంటా. నీకంత దైర్నం ఎక్కడిదే? నాకైతే నేదు."

నోటినిండా అన్నం ఉంది. మింగాక చెబుదామనుకున్నాను. మింగాను. చెప్పలేదు.

ఓడెక్కించలేదు ఎవరూ. వేసవికి బయటికొచ్చాడు. కొలిమి దగ్గర కాకుండా గేటు దగ్గర తేలిక పని ఇచ్చారు. ఇంకో ఇరవై రెండేళ్ళు బతికాడు. ఆ ఇరవై రెండేళ్ళూ కనబడిన ప్రతి మనిషికీ ఆ కథే చెప్పాడు. నా పెళ్ళి రోజున మా ఆయనకి చెప్పాడు. రిజిస్ట్రారు ఆఫీసు పక్క హాల్లో భోజనాలు, సూదావిడ కూడా వచ్చింది. తన కార్డిగనుకి ఆ రోజు సూది లేదు, పువ్వు ఉంది. మా ఆయన ఉత్సాహం కొద్దీ ఆ కథంతా ఇంగ్లీషులో ఆవిడకే వినిపించారు. నా భార్య కన్నతండ్రి కార్డునైనా దాచలేదండీ అని.

ఆవిడ నా వైపు చూసింది. "అలాగా, లవ్?" అంది. పచ్చడి ఇంకొంచెం వేయించుకుంది.

అంతే. ఆ తర్వాత ఆవిడ పోయింది. అయ్య పోయాడు. మెషీన్లు పాత ఇనుములోకి వెళ్ళాయి. మా ఆయన ప్రతి ఉగాదికి మనవాళ్ళు కలిసే హాల్లో కొత్తగా వచ్చిన పిల్లలందరికీ ఈ కార్డు చూపించి ఆ కథే చెప్పేవారు. మా ఆంటీ చాలా గ్రేట్ అని వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను గరిటె పట్టుకుని వడ్డిస్తూ ఉండేదాన్ని. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఊరుకున్నాను. ఆ రోజు వార్డులో కూడా, చెప్పడానికి నోరు తెరిచి, టీ తాగమన్నాను.

పిల్ల రాయడం ఆపేసింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"అమ్మమ్మా, నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. ఎవరైనా అదే చేస్తారు," అంది.

"అది రాయకు," అన్నాను. "చేసింది రాయి. ఆ కార్డుని సరైన కట్టలో పెట్టింది నేను కాదని రాయి. బూడిదరంగు కార్డిగను ఆవిడ అని రాయి."

"రాశాను."

"నువ్వు రాసింది నాకు తెలియదు కదా. నువ్వు రాసింది నువ్వే సరిచూసుకోకూడదు. కార్డు నా చేతిలో పెట్టు. కళ్ళు మూసుకుని వింటాను, తేడా వస్తే ఆపుతాను. మొదటి నుంచి, ఆయన ఫ్రేము కట్టించమన్న దగ్గర్నుంచి, గట్టిగా చదువమ్మా."